డ్రీమ్‌క్యాస్ట్‌కి మళ్లీ టైమ్ తెలిసింది

డల్లాస్‌లో గరాజ్ సేల్‌లో కొన్న పాత గేమ్ కన్సోల్, సెగా డ్రీమ్‌క్యాస్ట్, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైమ్ అడిగేది. సెట్ చేసి ప్లగ్ పీకితే మళ్లీ 1998 నవంబర్ 27కే పోయేది. జపాన్‌లో ఈ మెషిన్ విడుదలైన రోజది. గేమ్ సేవ్‌లకి ఢోకా లేదు, అవి ఉండేది వీఎంయూ అనే మెమరీ కార్డులో.

లోపలి బిళ్ల బ్యాటరీ పోయిందన్నమాట. ప్లగ్ తీసేసి మూడు స్క్రూలు విప్పాను, మూత రాదే! పావుగంట కుస్తీ పట్టాక తెలిసింది, నాలుగోది పక్కనున్న మోడెమ్ కింద దాక్కుందని. బ్యాటరీ ఏమో, కంట్రోలర్లు గుచ్చే పోర్టుల బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. అందులో ఉండేది రీచార్జబుల్ రకం, ఎంఎల్2032. షాపుల్లో దొరికే సీఆర్2032 కూడా అదే సైజు, అదే 3 వోల్టులు. కానీ కన్సోల్ ఆన్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతుంది. సీఆర్ రకం దాన్ని తట్టుకోలేదు, కారిపోవచ్చు.

పాతది ఊడదీసి, హోల్డర్ సోల్డర్ చేసి, కొత్త ఎంఎల్2032 పెట్టాను. ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు చూసుకున్నాను గానీ, ఆ బోర్డు రిబ్బన్ కేబుల్ వంకరగా గుచ్చాను. కంట్రోలర్ పలకలేదు, మళ్లీ విప్పుడు.

కాసేపు ఆన్‌లో ఉంచి, రాత్రంతా ప్లగ్ తీసేశాను. పొద్దున టైమ్ కరెక్టుగా ఉంది.