చవక 4కే టీవీ: రంగుల లోపాన్ని ఎంతవరకు పట్టించుకోవాలి?

43 అంగుళాల చవక 4కే టీవీ కొనేముందు, అందులో ఏం చూడబోతున్నారో తేల్చుకోండి. డిష్‌లోనో కేబుల్‌లోనో వచ్చే వార్తలు, సీరియళ్లు, క్రికెట్ మాత్రమే అయితే ప్యానెల్ 8 బిట్టా, 10 బిట్టా అన్న వాదన మీకు అక్కర్లేదు. మన హెచ్‌డీ ఛానళ్లు వచ్చేదే 8 బిట్ సిగ్నల్‌గా, రెక్.709 అనే పాత రంగుల పరిధిలో. ఆ పరిధిలో చాలా భాగాన్ని చవక ప్యానెల్ కూడా చూపించగలదు. సిగ్నల్‌లో లేని రంగును ఎంత ఖరీదైన టీవీ అయినా తెచ్చిపెట్టలేదు.

8 బిట్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు. మొత్తం 1.67 కోట్ల రంగులు. 10 బిట్‌లో 1,024 మెట్లు, 107 కోట్ల రంగులు. పెట్టె మీద 107 కోట్లని ఉన్నా లోపల 8 బిట్ ప్యానెలే ఉండవచ్చు. పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య పిక్సెల్‌ను వేగంగా మారుస్తూ, మధ్య రంగు ఉన్నట్టు కంటికి అనిపింపజేస్తారు. దీన్ని ఎఫ్‌ఆర్‌సీ అంటారు. సరిగ్గా చేస్తే సోఫాలో కూర్చున్నవారికి తేడా తెలియదు. దీనికోసం వేలు ఎక్కువ పెట్టకండి.

తేడా బయటపడేది ఒక రంగు నెమ్మదిగా మరో రంగులోకి కలిసేచోట. గండికోట లోయ మీద పొద్దుగూకే వీడియో పెడితే, నాసిరకం ప్యానెల్‌లో ఆకాశం నునుపుగా మారాల్సింది పోయి చీర అంచుల్లా పట్టీలుగా విడిపోతుంది. అయితే నెట్ నెమ్మదించి వీడియో బాగా కుదించి వచ్చినా ఇవే పట్టీలు పడతాయి, అప్పుడు తప్పు ప్యానెల్‌ది కాదు. నెట్‌ఫ్లిక్స్ 4కేకు 15 ఎంబీపీఎస్ వేగం అడుగుతుంది, పైగా ప్రీమియం ప్లాన్ ఉండాలి. ఆ రెండూ చూసుకున్నాకే టీవీని నిందించాలి.

కచ్చితంగా పట్టించుకోవాల్సింది ఆర్‌జీబీడబ్ల్యూ ప్యానెల్‌ని. మామూలు ప్యానెల్‌లో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గీతలుంటాయి. ఈ రకం ఎల్‌సీడీలో నాలుగో గీతగా తెలుపు చేరుస్తారు, కానీ మొత్తం గీతల సంఖ్య పెంచరు. అంటే రంగు గీతల్లో నాలుగో వంతు పోతుంది. తెలుపు మెరుస్తుంది, దాని పక్కనున్న ముదురు పసుపు ఆవపిండిలా మాసిపోతుంది. ధర్మవరం పట్టుచీర ఎరుపు, పసుపు అంచుల్లో ఈ లోపం ఇట్టే దొరికిపోతుంది. కొన్ని ఓఎల్‌ఈడీల్లోనూ తెల్ల గీత ఉంటుంది గానీ అక్కడ ప్రతి పిక్సెల్‌కూ నాలుగు గీతలూ ఉంటాయి. రెండింటినీ ఒకటిగా చూడకండి.

దీన్ని షాపులోనే పట్టుకోవచ్చు. కర్నూలు రాజ్‌విహార్ దగ్గరైనా, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లోనైనా, కడప ఏడురోడ్ల దగ్గరైనా పెన్‌డ్రైవ్ లేకుండా టీవీ చూడ్డానికి వెళ్లకండి. దాన్ని ఎఫ్‌ఏటీ32 అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేసి (4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు) పూర్తి తెల్ల బొమ్మ ఒకటి, తెలుపు పక్కన పసుపు ఉన్నది ఒకటి, పగటి వెలుగులో తీసిన పట్టుచీర ఫొటో, చీకటి సన్నివేశమున్న వీడియో వేసుకోండి. జేపీజీ ఫొటో 8 బిట్‌దే, కాబట్టి పట్టీల పరీక్షకు 10 బిట్ హెచ్‌ఈవీసీ (వీడియోను కుదించే ఒక పద్ధతి) క్లిప్ కావాలి.

షాపులో టీవీ స్టోర్ మోడ్‌లో, వివిడ్ రంగుల్లో ఉంటుంది. ముందు హోమ్ మోడ్‌కు మార్పించి, పిక్చర్ మోడ్ సినిమా లేదా మూవీ, కలర్ టెంపరేచర్ వార్మ్ పెట్టించండి. మొదట పసుపుగా, మసకగా అనిపిస్తుంది, కళ్లకు అలవాటు పడటానికి అయిదు నిమిషాలివ్వండి. తర్వాత తెల్ల బొమ్మ పెట్టి, ఫోన్ కెమెరాను ఫోకస్ అయినంత మేర తెరకు దగ్గరగా ఉంచి ఫొటో తీసి పెద్దది చేయండి. మూడు రంగుల గీతలే కనిపిస్తే మంచిది. మధ్యమధ్యలో తెల్ల గీత కనిపిస్తే ఆ మోడల్ వదిలేయండి.

పక్కకు జరిగి 45 డిగ్రీల కోణం నుంచి కూడా చూడండి. ఎల్‌సీడీ ప్యానెళ్లలో వీఏ, ఐపీఎస్ అని రెండు ముఖ్యమైన రకాలు. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది, పక్కనుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్‌లో దానికి తిరగబడి ఉంటుంది. నలుగురూ నాలుగు మూలలా కూర్చునే హాలుకు ఐపీఎస్ నయం.

హెచ్‌డీఆర్ అంటే వెలుగు చీకట్ల తేడాను మామూలుకంటే ఎక్కువగా చూపే వీడియో పద్ధతి. "హెచ్‌డీఆర్10 సపోర్ట్" అంటే ఆ సిగ్నల్‌ను టీవీ తీసుకోగలదని మాత్రమే. హెచ్‌డీఆర్ సినిమాలను 1,000 నిట్స్ (తెర వెలుగుకు కొలత) లేదా అంతకుమించిన వెలుగుకు తయారుచేస్తారు. చవక టీవీ వెలుగు 250, 300 నిట్స్ దగ్గరే ఆగుతుంది. అందుకే హెచ్‌డీఆర్‌లో బొమ్మ చీకటిగా పడుతుంది. బ్యాక్‌లైట్ పూర్తిగా పెంచి చూడండి. అప్పటికీ ముఖాలు కనబడకపోతే స్టిక్ లేదా బాక్స్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఆర్ ఆపేసి మామూలు సిగ్నల్‌లోనే చూడండి, అదే బాగుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం వాకిలి తీసి ఉండే ఇంట్లో బిట్ల కంటే ఈ వెలుగే ముఖ్యం. డబ్బు ఎక్కువ పెట్టగలిగితే దీనిమీద పెట్టండి.

4:2:0 అనే మాట చూసి కంగారు పడొద్దు. వెలుగు వివరాలు పూర్తిగా ఉంచి, రంగు వివరాలను అడ్డంగా సగం, నిలువుగా సగం తగ్గించే పద్ధతి అది. ఓటీటీ సినిమాలన్నీ అలాగే వస్తాయి. అసలు 43 అంగుళాల తెరను అయిదున్నర అడుగులు, 55 అంగుళాల తెరను ఏడడుగులు దాటి చూస్తే ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడానే కంటికి ఆనదు. ఇక రంగు వివరాల్లో కోత ఏం తెలుస్తుంది?

కంప్యూటర్ తగిలించి అక్షరాలు చదివేవారికి మాత్రం ఇది ఇబ్బందే. నీలం మీద ఎర్రక్షరాలు అలుక్కుపోతాయి. 18 జీబీపీఎస్ హెచ్‌డీఎంఐ 2.0 పోర్టుకే కేబుల్ పెట్టండి. టీవీ మెనూలో ఆ పోర్టుకు ఎన్‌హాన్స్‌డ్, డీప్ కలర్, ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ లాంటి పేరుతో ఉన్న ఆప్షన్ ఆన్ చేయండి. కొన్నిట్లో ఇది ముందే ఆన్ అయి రాదు. ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చండి. తర్వాత విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో ఆర్‌జీబీ (రంగు వివరాల్లో కోత లేని సిగ్నల్) అని చూపుతుందో లేదో చూసుకోండి. 60 హెర్ట్జ్‌లో 4కే, 10 బిట్, పూర్తి రంగు మూడూ కలిసి ఆ పోర్టులో పట్టవు, కాబట్టి అక్షరాల పనికి 8 బిట్ ఆర్‌జీబీ ఎంచుకోండి.