జంట బావులు, ఆవిరి: కదలని బిటుమెన్‌ను పైకి రప్పించే విధానం

కెనడాలోని అల్బెర్టాలో, అథాబాస్కా ఇసుక పొరల్లో ఉన్న బిటుమెన్ (తారులాంటి చిక్కని ముడి చమురు) ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ చలిలో దాని చిక్కదనం సాధారణంగా 10 లక్షల సెంటీపాయిజ్‌ను మించుతుంది కనుక ఎంత బలమైన పంపు దించినా అది బావిలోకి రాదు. అదే బిటుమెన్ 200 డిగ్రీలు దాటితే పది, ఇరవై సెంటీపాయిజ్‌లకు పలచబడుతుంది. ఇంపీరియల్ ఆయిల్ సంస్థలో రోజర్ బట్లర్ 1970లలో రూపొందించిన జంట బావుల పద్ధతికి ఈ తేడాయే ఆధారం.

ముందుగా పొరను ఎంచుకోవాలి. ఇసుక పొర కనీసం 10, 15 మీటర్ల మందం ఉండాలి. దానిపై ఆవిరిని ఆపగల షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పొర పగుళ్లు లేకుండా ఉండాలి. ఈ రెండో షరతును తేలిగ్గా తీసుకోకూడదు. 2006లో అల్బెర్టాలోనే జోస్లిన్ క్రీక్ వద్ద ఆవిరి పై పొరను చీల్చుకుని, రాళ్లను ఎగజిమ్ముతూ నేలపైకి వచ్చింది.

తర్వాత ఉత్పత్తి బావిని పొర అడుగుకు దగ్గరగా, అడ్డంగా, 500 నుంచి 1000 మీటర్ల పొడవున తవ్వాలి. ఆవిరి బావిని దానికి సుమారు 5 మీటర్ల పైన, అయస్కాంత పరికరాలతో దూరాన్ని కొలుచుకుంటూ నడిపించాలి. సాధారణ సిమెంట్ 110 డిగ్రీలు దాటితే క్రమంగా బలం కోల్పోతుంది కనుక సిలికా పిండి కలిపిన సిమెంట్‌నే వాడాలి.

వెంటనే ఉత్పత్తికి తొందరపడరాదు. రెండు బావుల్లోనూ కొన్ని నెలలపాటు ఆవిరిని తిప్పి, వాటి మధ్యనున్న బిటుమెన్ కదిలే స్థితికి వచ్చాకే పై బావి నుంచి ఆవిరిని ఎక్కించి, కింది బావి నుంచి తోడడం మొదలుపెట్టాలి. ఆవిరి పైకి, పక్కలకు విస్తరిస్తూ చల్లని ఇసుక అంచున నీరుగా మారి తన గుప్తోష్ణాన్ని వదులుతుంది. కరిగిన బిటుమెన్ ఆ నీటితో కలిసి గురుత్వాకర్షణ వల్ల కిందికి జారుతుంది.

అసలు నైపుణ్యం ఆవిరి ఎక్కించడంలో కాదు, తోడే వేగంలో ఉంది. కింది బావిలోకి వచ్చే ద్రవం, అక్కడి పీడనం వద్ద ఆవిరికి ఉండవలసిన ఉష్ణోగ్రత కన్నా 5 నుంచి 20 డిగ్రీలు తక్కువగా ఉండేలా చూడాలి. ఆ తేడా సున్నా వైపు జారుతోందంటే ఆవిరి నేరుగా లైనర్‌లోకి (ద్రవాన్ని రానిచ్చి ఇసుకను ఆపే బావి గొట్టంలోకి) దూరుతోందని అర్థం. ఇసుకను మోసుకొచ్చే ఆవిరి లైనర్‌ను కోసేస్తుంది కనుక వెంటనే పంపు వేగం తగ్గించాలి. తేడా మరీ పెరిగితే ద్రవం పైకి నిలిచి ఆవిరి బావిని ముంచుతుంది. అప్పుడు వేగం పెంచాలి. బావి పొడవునా ఉష్ణోగ్రత ఒకేలా ఉండదు కాబట్టి, ఫైబర్ ఆప్టిక్ తీగతో అన్నిచోట్లా కొలవడం ఖర్చయినా మేలు.

ఆవిరికి వాడిన నీరు ఘనపు మీటరు చమురుకు 2 నుంచి 3 ఘనపు మీటర్లయితే బావి బాగా నడుస్తున్నట్టే. 4 దాటితే ఇంధన ఖర్చును మళ్లీ లెక్కవేసుకోవాలి. చివరి దశలో ఆవిరిని తగ్గించి మీథేన్ ఎక్కిస్తే పీడనం నిలుస్తుంది, రాళ్లలో మిగిలిన వేడితో కొంతకాలం ఉత్పత్తి కొనసాగుతుంది.