ఆఫీసు లెక్కల్ని జనం వాడుకునేలా ఎలా పెట్టాలి?

అడగకముందే సమాచారం బయట పెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది. 2012లో ప్రభుత్వ లెక్కలు జనానికి అందించే వెబ్‌సైటు డేటా డాట్ గవ్ డాట్ ఇన్ కూడా వచ్చింది. అయినా విజయవాడ, గుంటూరు ఆఫీసుల నుంచి నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసినవే. చదవడానికి సరిపోతాయేమో గానీ, వాటితో ఒక్క కూడిక కూడా చేయలేం.

కావలసినవి: కంప్యూటర్, ఎక్సెల్ లేదా లిబ్రే ఆఫీస్, పై అధికారి రాతపూర్వక అనుమతి, లెక్క మొదట తయారైన అసలు ఫైలు. ప్రింటు చూసి మళ్లీ టైపు చేయకండి. అసలు ఫైలు కాపీ మీదే పని చేయండి.

ముందుగా మనుషుల వివరాలు తీసేయాలి. పేరు, ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా కాలమ్‌లను హైడ్ చేస్తే సరిపోదు, పూర్తిగా డిలీట్ చేయాలి. ఒక ఊళ్లో ఫలానా జబ్బున్నవాళ్లు ఇద్దరే అని ఉంటే, పేర్లు లేకపోయినా ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అలాంటి అంకెల్ని మండలం స్థాయికి కలిపేయండి.

తర్వాత పట్టిక శుభ్రం చేయండి. ఒక వరుసకు ఒక ఊరు లేదా ఒక మండలం, ఒక కాలమ్‌కు ఒక విషయం. కలిపేసిన గడులు విడదీయాలి, మధ్యలో వచ్చే 'మొత్తం' వరుసలు తీసేయాలి. 1,25,000 అని కామాలు పెట్టకుండా 125000 అనే రాయండి. తేదీ 2022-04-04 పద్ధతిలోనే ఉండాలి. రంగులు వద్దు.

ఇక ఊళ్లు, మండలాలు, జిల్లాల పేర్లు. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ చెడిపోయేది ఇక్కడే. ఒకసారి మేము ఒక ఆఫీసు కోసం పదేళ్ల సాగు లెక్కలు ఒకే పట్టికలో పెట్టాం. 2022 తర్వాత గుంటూరు జిల్లా సాగు ఒక్కసారిగా కుప్పకూలినట్టు వచ్చింది. తెనాలి కాలేజీ కుర్రాడొకడు అది నిజమే అనుకుని ప్రాజెక్టు రాసేశాడు. పొలాలు ఎక్కడికీ పోలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. 57 మండలాల పాత గుంటూరు పోయి, 18 మండలాల గుంటూరు మిగిలింది. పేరు మాత్రం అదే.

అలాగైతే గుంటూరు, పల్నాడు, బాపట్ల కలిపేస్తే పాత గుంటూరు వస్తుంది కదా అంటారు. రాదు. బాపట్లలోకి పాత ప్రకాశం నుంచి చీరాల వైపు మండలాలు కూడా వచ్చాయి. కృష్ణా, ఎన్టీఆర్ కలిపినా పాత కృష్ణా రాదు, ఎందుకంటే నూజివీడు, కైకలూరు అప్పుడు ఏలూరులోకి వెళ్లాయి. కాబట్టి జిల్లా స్థాయి లెక్క ఒక్కటే పెట్టకండి. మండలం స్థాయిలో పెట్టి, పక్కన ఆ ఏడాదిలో ఉన్న జిల్లా పేరు ఒక కాలమ్‌లో, ఇప్పటి జిల్లా పేరు ఇంకో కాలమ్‌లో రాయండి.

పేర్లను మాత్రం నమ్ముకోకండి. ప్రత్తిపాడు మండలం గుంటూరు జిల్లాలో ఉంది, కాకినాడ జిల్లాలోనూ ఉంది. తుళ్లూరు, తుళ్ళూరు మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు ఊళ్లు. అందుకే ప్రతి ఊరికీ, మండలానికీ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో దానికి ఇచ్చిన కోడ్ నంబరు రాయాలి. పేర్లను సరిదిద్దుకుంటూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది, కోడ్ ఉంటే రెండు శాఖల లెక్కలు నిమిషాల్లో కలుస్తాయి. కోడ్ లేని ఫైలును నేనైతే అప్‌లోడ్ చేయనివ్వను. కోడ్ కాలమ్‌ను ముందే 'టెక్స్ట్'గా మార్చుకోండి, లేకపోతే సున్నాతో మొదలయ్యే కోడ్ ముందు సున్నాను ఎక్సెల్ తినేస్తుంది. కోడ్లు వేశాక ఇరవై వరుసలు ఏరి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని పైకి చదివి సరిచూడండి. వేసినవాళ్లే చూసుకుంటే తప్పు కనబడదు.

సీఎస్‌వీ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే సాదా పట్టిక ఫైలు. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీలో తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో టైపు చేసిన ఫైలైతే ముందు అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌కు మార్చి, ఒత్తులు ఒక్కొక్కటిగా చూసుకోవాలి.

చివరగా ఒక పేజీ వివరం జత చేయండి: లెక్క ఎవరు తీశారు, ఏ తేదీ నాటిది, ఎకరాలా హెక్టార్లా, ఖాళీ గడికి అర్థం సున్నానా లేక లెక్క రాలేదనా. 2017 ప్రభుత్వ ఓపెన్ డేటా లైసెన్సు వర్తిస్తుందని అందులోనే రాయండి. అది లేకపోతే వాడుకోవచ్చో లేదో తెలియక చాలామంది వెనక్కి తగ్గుతారు.

అప్‌లోడ్ అయ్యాక వేరే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి, ఒక కాలమ్ కూడి, మొత్తం మీ రిజిస్టర్‌తో సరిపోయిందో లేదో చూడండి. తర్వాత తప్పు దొరికితే పాత ఫైలు తీసేయకండి. కొత్తది తేదీతో పక్కనే పెట్టి, ఏం మార్చారో ఒక్క లైను రాయండి.