కుక్క తిండి ముట్టడం లేదా? ముందు డబ్బాలో ముక్కు పెట్టండి

కుక్క గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోతోందని నాకు ఫోను చేసేవారిని రెండు ప్రశ్నలు అడుగుతాను. తిండి ఏ డబ్బాలో పోస్తున్నారు? ఆ డబ్బా ఎప్పుడు కడిగారు? రెండో ప్రశ్నకు జవాబు రాదు. అప్పటికే కంపెనీ మార్చి ఉంటారు, నట్టల మందు వేయించి ఉంటారు, కోడికూర కలిపి బతిమాలి ఉంటారు. మూత తీసి వాసన చూసినవారు మాత్రం ఒక్కరూ ఉండరు.

కుక్క నీరసంగా పడి ఉన్నా, వాంతులో విరేచనాలో అవుతున్నా, రోజంతా ఏదీ ముట్టకపోయినా ఇది పక్కన పెట్టి పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. పెరుగన్నం ఆబగా తింటూ డబ్బాలోని డ్రై ఫుడ్డు (బస్తాల్లో వచ్చే పొడి తిండి) ఒక్కటే వద్దంటోందంటే ఇక్కడే ఉండండి.

సమస్య: కొత్త బస్తా తెచ్చినా తినదు
కారణం: డబ్బా గోడలకు పట్టిన పాత కొవ్వు

మన ఇళ్లలో బియ్యం డబ్బాను ఖాళీ కానివ్వం. అయిపోయాయని కూడా అనం, నిండుకున్నాయంటాం. అడుగున గిద్దెడు ఉండగానే కొత్తవి పోస్తాం. ఆ అలవాటే కుక్క తిండికీ పాకింది. పాలిష్ పట్టిన బియ్యంలో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి అక్కడ చెల్లింది. డ్రై ఫుడ్డులో ఉడికించి ఆరబెట్టిన గింజల్లాంటి ముక్కల మీద చివర్లో కొవ్వు చల్లుతారు. కుక్కను గిన్నె దగ్గరికి లాక్కొచ్చే వాసన చాలావరకు దానిదే. ఆ కొవ్వు ప్లాస్టిక్ గోడలకు అంటుకుని, గాలీ వేడీ తగిలి మక్కిపోతుంది. నెలనెలా పొర మీద పొర చేరుతుంది. మీరు పైన పోసిన తాజా తిండికి ఆ మక్కు వాసన పట్టేస్తుంది. మనకు లీలగా కూడా తెలియకపోవచ్చు, కుక్కకు మాత్రం గది అవతలి నుంచే తెలుస్తుంది.

నేనూ దెబ్బతిన్నవాణ్నే. మా లాబ్రడార్ చెప్పులను కూడా వదలదు. అలాంటిది ఒక మే నెలలో గిన్నె ముట్టడం మానేసింది. రెండు కంపెనీలు మార్చాను, రక్తపరీక్ష చేయించాను. చివరికి, డబ్బాలో పట్టక బస్తాలోనే మిగిలిన రెండు గుప్పిళ్లను మా అమ్మాయి గిన్నెలో వేస్తే క్షణంలో ఊడ్చేసింది. అదే బస్తా, అదే రోజు తెరిచింది. తేడా డబ్బా ఒక్కటే.

మీరూ చూడండి. డబ్బా ఖాళీ చేసి, మూత బిగించి, గంటసేపు ఎండలో ఉంచి తెరవండి. వాడిన నూనెను నెలల తరబడి అట్టేపెట్టినట్టు వాసన వస్తే దొంగ దొరికినట్టే. లోపలి గోడను వేలితో రాస్తే జిడ్డు తగులుతుంది.

పరిష్కారం: అడుగున మిగిలింది పారేయండి, వీధి కుక్కలకు వేయకండి. డబ్బాను వేడినీళ్లు, సబ్బుతో రెండుసార్లు తోమి పూర్తిగా ఆరనివ్వండి, తడి మిగిలితే బూజు పడుతుంది. గీతలు పడి, కడిగినా కంపు వదలని ప్లాస్టిక్ డబ్బాతో వాదన అనవసరం, పంపించేయండి. ఇకమీదట తిండిని డబ్బాలో పోయకండి, బస్తానే డబ్బాలో దించండి. గాలి పిండేసి, మూతి మడిచి, క్లిప్పు పెట్టి, ఆపైన డబ్బా మూత వేయండి. గడువు తేదీ, బ్యాచ్ నంబరు కూడా బస్తాతోనే ఉంటాయి. తిండి పడక కుక్క జబ్బుపడిన రోజున ఆ నంబరు కావాలి.

తెరిచిన బస్తా నెల, నెలన్నరలో అయిపోవాలి. రోజుకు 250 గ్రాములు తినే కుక్కకు 10 కిలోలు 40 రోజులు వస్తాయి. 100 గ్రాములు తినే చిన్న కుక్కకు అదే బస్తా 100 రోజులు! తగ్గింపు ధరకు ఆశపడి పెద్దది కొంటే చివరి కిలోలు చెత్తబుట్టకే. పొయ్యి పక్కన, ఎండపడే బాల్కనీలో పెట్టకండి. తెరిచిన బస్తాలోంచి విడిగా తూచి అమ్మేది కొనకండి, ఆ బస్తా మూతి ఎన్నాళ్లుగా తెరిచి ఉందో మీకు తెలియదు.

తిండి డబ్బాలాగే కుక్క బొమ్మల బుట్ట కూడా కంపు కొడితే తాడు బొమ్మను అనుమానించండి. లాలాజలంతో తడిసిన దాన్ని అలాగే బుట్టలో వేస్తారు, వర్షాకాలంలో అది ఆరదు. ఉతికి, ఎండబెట్టి వేయండి. పోగులు ఊడుతుంటే పారేయండి, మింగితే పేగుల్లో చిక్కుకుంటాయి. బుట్ట నిండా బొమ్మలున్నా ఆడకపోతే మూడు బయట ఉంచి మిగతావి దాచి, వారానికోసారి మార్చండి. షికారుకు బయల్దేరేటప్పుడల్లా కుక్క గొలుసు వెతుక్కునే ఇంటికి, దాన్ని తగిలించడానికి తలుపు పక్కన ఒక మేకు చాలు.

మళ్లీ తిండి సంగతికి వస్తే, కుక్క తినకపోవడానికి గిన్నె రంగు, గిన్నె ఎత్తు కారణమైన సందర్భాలు చాలా అరుదు. ఒకరు దిష్టి తగిలిందన్నారు. డబ్బా కడిగాక అదీ పోయింది.

మందులను తిండి డబ్బా మీద పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాను. వాటికి వేరే అర, తాళంతో. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇది మరీ ముఖ్యం: పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కుక్కల పిడుదుల మందు పొరపాటున పిల్లికి రాస్తే దాని ప్రాణం పోవచ్చు.