నవల చదవడం – 4వ పాఠం: పార్వతీశం తర్వాత ఏ నవల?

మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం ఈపాటికి ముగించి ఉంటారు. ముగించకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి, ఇక్కడి అభ్యాసానికి అదే పునాది. రెండు, మూడు భాగాలకు తొందర లేదు. 1924లో వచ్చిన మొదటి భాగానికీ వాటికీ మధ్య చాలా ఏళ్ల ఎడం ఉంది.

మొగల్తూరు కుర్రవాడు పార్వతీశం నచ్చాక చాలామంది నేరుగా విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఎత్తుకుంటారు. వందో పేజీ దగ్గర ఆగిపోతారు. గడువు దాటాక పుస్తకం గ్రంథాలయానికి తిరిగి వెళుతుంది, ‘ఇవి మనకు అందవులే’ అన్న మాట మాత్రం ఇంట్లో ఉండిపోతుంది. అసలు జరిగింది వేరు. దాదాపు వెయ్యి పేజీల నిడివి, లెక్కకు మిక్కిలి పాత్రలు, పాతకాలపు వాక్యం, కథను ఆపి సంగీతం మీదా సేద్యం మీదా చదువు మీదా సాగే చర్చలు – ఇన్ని బరువులూ ఒక్కసారే నెత్తికెత్తుకున్నారు. మన కాలవల మీద లాకు దాటే పడవను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు: ఒక తలుపు మూశాకే రెండోది తీస్తారు. నవలల్లోనూ ఒక విడతకు ఒక్క బరువే పెంచండి.

ఏది ముందు పెంచాలి? మీకు ఇప్పటికే కొంత అలవాటైనదాన్ని. పార్వతీశం టోపీ గుర్తుందా? అది ఆడవాళ్ల టోపీ. తాను దొరలా ఉన్నానని అతని నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్ల తీరు చూసి మనకు సంగతి బోధపడుతుంది. కథ చెబుతున్నది అతనే, అయినా అతనికి తెలియనిది మనం చూస్తున్నాం. ఇది చిన్న విద్య కాదు. అక్కడ నవ్వు మనకు సాయం చేసింది, పై మెట్టు నవలల్లో ఆ సాయం ఉండదు. కష్టమంతా అక్కడే.

అందుకని మా సలహా, తర్వాతి నవల గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’. చిన్నది, వాక్యం తేట. సీతారామారావు ఆస్తిని వంశప్రతిష్ఠకు కరగబెట్టి, ఆపైన ప్రతిదానికీ ఒక వాదన అల్లుకుంటూ పోతాడు. పూటకు 15 పేజీలు చాలు. నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండుగా గీయండి. ఎడమవైపు అతను చెప్పుకున్న కారణం, కుడివైపు మీకు కనిపించిన కారణం, ఒక్కొక్క వాక్యంలో రాయండి. వరసగా రెండు పూటలు కుడివైపు ఖాళీగా ఉంటే మీరు అతని మాటలకు లొంగిపోయారన్నమాట. ఆ పేజీలు మళ్లీ చదవండి.

ఇక్కడ రెండు రకాల చదువరులు జారిపడతారు. ఒకరు ‘వీడి గోల ఎందుకు, ఏం జరిగిందో చూద్దాం’ అని ఆలోచనల పేరాలు దాటేస్తారు. ఈ నవలలో జరిగేదంతా ఆ పేరాల్లోనే. రెండోవారు అతని మాటలే రచయిత మాటలనుకుని కోపంతో పుస్తకం మూసేస్తారు. కోపం రావడం తప్పు కాదు, రావాలి కూడా. అది ఎవరి మీదో సరిచూసుకోండి, అంతే.

ఆ తర్వాత బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. రచయిత ఏలూరులో పుట్టినవాడు. నవల మాత్రం పొరుగువాడి పలకరింపులా సాగదు. దయానిధి వైద్యుడు. తల్లి మీద లోకం వేసిన నింద అతని వెంటే తిరుగుతుంది. కోమలి, అమృతం, ఇందిర, కాత్యాయని – ఈ పేర్లు ఒక అట్టముక్క మీద రాసి గుర్తుగా పుస్తకంలో పెట్టుకోండి. ఎవరిని పెళ్లాడతాడా అని ఎదురుచూస్తూ చదివితే సగంలోనే నీరసం వస్తుంది. ప్రకరణం అయ్యాక దాని పేరు మళ్లీ చదివి, ఆ పేరు ఎందుకు పెట్టాడో ఒక వాక్యం రాయండి. పూటకు 10 పేజీలు మించవద్దు.

మూడో మెట్టు నవీన్ ‘అంపశయ్య’, 1969. ఉస్మానియాలో చదివే రవి జీవితంలో ఒకే ఒక్క రోజు. మాటలు తేలికే, హాస్టలు కుర్రాళ్లవి. అయినా తడబడతారు, ఎందుకంటే గదిలో ఉన్నవాడు చెప్పకుండా జ్ఞాపకంలోకి వెళ్లి చెప్పకుండా తిరిగొస్తాడు. గంట తీరిక లేనిదే మొదలుపెట్టకండి. బస్సులో ఐదేసి పేజీల లెక్కన సాగే నవల కాదిది. సొంత ప్రతి అయితే మొదటి 20 పేజీల్లో అతను గది దాటిన చోట పెన్సిలు చుక్క, తిరిగొచ్చిన చోట గీత పెట్టండి. ఆ తర్వాత చుక్కల అవసరం తగ్గుతుంది.

ఇక మేం చెప్పని నవలలు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనో కూర్చుని పరీక్షించే పద్ధతి ఒకటుంది. మొదట 3 పేజీలు, మధ్యలో 3, ముప్పాతిక దగ్గర 3. ఆగిన ప్రతిసారీ చీటీ మీద ఒక అక్షరం వేయండి (పుస్తకం మీద కాదు): మాట తెలియకపోతే ‘మా’, మనిషెవరో తెలియకపోతే ‘ఎ’, ఎప్పటి సంగతో తెలియకపోతే ‘కా’, ఎవరి గొంతో తెలియకపోతే ‘గొ’. మధ్యలో దూకినప్పుడు ‘ఎ’లు కొన్ని తప్పవు, మొదటి మూడు పేజీల ‘ఎ’లనే లెక్కించండి. ఒకే అక్షరం ఎక్కువగా ఉంటే ఆ నవల తీసుకోవచ్చు. మూడు నాలుగు అక్షరాలూ పోటాపోటీగా ఉంటే అలమారలో పెట్టేయండి, ఆర్నెల్ల తర్వాత చూద్దాం. ‘మా’ల గురించి బెంగ అక్కర్లేదు. మూడోసారి ఎదురైన మాటకే శబ్దరత్నాకరం తిరగేయండి. ప్రతి మాటకూ నిఘంటువు తీస్తే వాక్యం చేతిలోంచి జారిపోతుంది.

వచ్చే పాఠానికి పని: ‘అసమర్థుని జీవయాత్ర’ 45 పేజీలు, మూడు పూటల రెండు వరసల నోట్సు. ముద్రణకో పేజీ లెక్క ఉంటుంది కాబట్టి పేజీ సంఖ్యతో పాటు ఆ చోటి మొదటి మూడు మాటలు కూడా రాసిపెట్టండి. చీటీలో ‘గొ’లు ఎక్కువగా వచ్చినవాళ్లు దాన్ని పారేయకండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.