పాముల గుర్తింపు, ఐదో పాఠం: జానెడు పాముతో వచ్చిన తంటా

ఈసారి నీటి పాముల గురించి రాస్తానని మాట ఇచ్చాను కాని, నాలుగో పాఠం చివర ఫొటోలు చూసి పాము పేరు చెప్పమని ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఆ మాట వాయిదా వేయక తప్పలేదు. మూడో ఫొటోలోని పామును దాదాపు అందరూ విషం లేని తోడేలు పాము అని రాశారు. అది విషమున్న కట్లపాము పిల్ల. ఈ పొరపాటులో నా వాటా కూడా ఉంది. కట్లు, అంటే ఒంటికి అడ్డంగా ఉండే పట్టీలు, మెడ దగ్గరే మొదలైతే తోడేలు పాము, ముందుభాగం నల్లగా ఉండి కట్లు తోకవైపు తేటపడితే కట్లపాము అని ఒక్క వాక్యంలో తేల్చేసి, పిల్లల సంగతి తర్వాత చూద్దామని దాటేశాను. ఆ సూత్రం పెద్ద పాములకు బాగానే పనిచేస్తుంది, పిల్లల దగ్గరే బోల్తా కొట్టిస్తుంది.

పెద్ద కట్లపామును ఇక్కడ మళ్లీ వర్ణించను, నాలుగో పాఠం చూసుకోండి. జవాబుల్లో నన్ను విసిగించిన మాట మరొకటి ఉంది: "చిన్నగా ఉంది కాబట్టి తోడేలు పాము." ఈ మాట ఎన్ని జవాబుల్లో చదివానో లెక్కలేదు. ఎదిగిన తోడేలు పాము మూర పొడవుకు అటూ ఇటూగా ఉంటుందన్నది నిజమే. అయితే గుడ్డులోంచి వచ్చిన కట్లపాము పిల్ల కూడా జానెడుకు కాస్త ఎక్కువగా, 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంటే నడి వయసు తోడేలు పాము, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కట్లపాము పిల్ల ఒకే స్కేలు మీద పక్కపక్కన నిలుస్తాయి. ఎండాకాలం చివర, తొలకరి రోజుల్లో మన ఇళ్ల చుట్టూ తిరిగే, ఒంటి మీద కట్లున్న చిన్న పాముల్లో ఈ కట్లపాము పిల్లలూ ఉంటాయి. అదీ చాలదన్నట్లు, పెద్దవాటిలో మాసిపోయే ముందుభాగపు కట్లు పిల్లల్లో మెడ దాకా తేటగా కనబడతాయి. పొడవు, కట్లు మొదలయ్యే చోటు, ఈ రెండు ఆనవాళ్లూ ఒకేసారి తప్పుదారి పట్టించే రోజులు సరిగ్గా అవే. కాబట్టి పొడవును ఆనవాలుగా వాడడం ఈ పాఠంతో పూర్తిగా మానేయండి. ఫొటోలో పక్కన చెప్పు పెట్టి కొలత చూపిస్తున్నవారికి కూడా ఇదే చెబుతున్నాను. ఆ చెప్పు పెట్టడానికి పాముకు ఎంత దగ్గరగా వెళ్లారో తలుచుకుంటే నాకు గుండె ఝల్లుమంటుంది.

మరి దేన్ని చూడాలి? కట్టు ఆకారాన్ని చూడాలి. తోడేలు పాము ఒంటి రంగు సాధారణంగా గోధుమ వన్నె. వెన్ను మీద పట్టీగా మొదలైన కట్టు పక్కలకు దిగే కొద్దీ విప్పారి, త్రికోణంలా చీలి, పక్క కట్టు చీలికతో కలిసి వల అల్లినట్లు కనిపిస్తుంది. కట్లపాము కట్టు అలా చీలదు, సన్నని తెల్లని గీతలా ఒంటిని దాటుతుంది, చాలాసార్లు రెండేసి గీతలు జంటగా వస్తాయి. జంటలు లేనంత మాత్రాన కట్లపాము కాదనుకోవద్దు, నలుగురు ఆ తప్పు కూడా చేశారు. ఆ తర్వాత తల. తోడేలు పాము తల అదిమినట్లు చదునుగా, మూతి బాతు ముక్కులా కాస్త ముందుకు చాచి ఉంటుంది, మెడ కొద్దిగా నొక్కుకుపోయి తల విడిగా తెలుస్తుంది. కట్లపాముకు తలకూ మెడకూ తేడా పట్టడం కష్టం. పై పెదవి తెల్లగా ఉండడం రెండింటికీ ఉన్నదే, దాన్ని పట్టుకుని వాదించకండి.

ఇక్కడ మూడో అభ్యర్థిని మరచిపోకూడదు. లైకోడాన్ స్ట్రయాటస్ అనే పట్టీల తోడేలు పాము దక్కనులో ఉంటుంది. నల్లని ఒంటి మీద తెల్లని లేదా పసుపు పట్టీలు, ముందువైపు దూరం దూరంగానూ తోకవైపు దగ్గర దగ్గరగానూ ఉంటాయి. "నలుపు, తోకవైపు కట్లు ఎక్కువ" అన్న రెండు ముక్కలే గుర్తు పెట్టుకున్నవారు దీన్ని కట్లపాము అని కొట్టి చంపేస్తారు. ఇది బల్లుల్ని తిని బతికే, విషం లేని చిన్న ప్రాణి.

ఫొటోతో తేలనిది కుబుసంతో తేలుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. కిందటి వర్షాకాలం హైదరాబాదు నాచారంలో మా పిన్ని సంపు మూత పక్కన కుబుసం దొరికిందని, ఎలుకలు తినే జెర్రిపోతుదే అయి ఉంటుందని ఫోన్ చేసింది. తీసుకొచ్చి స్టీలు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట నానబెట్టాను. ఎండిన కుబుసాన్ని అలాగే లాగితే ఉల్లిపొరలా చిరుగుతుంది. తడిసిన దాన్ని నల్ల కాగితం మీద పరిచి, నడుము దగ్గర పొట్ట పలక (పొట్ట కింద అడ్డంగా ఉండే వెడల్పు పొలుసు) అంచు నుంచి గుండుసూదితో ఏటవాలుగా ఒక్కో పొలుసును తాకుతూ అవతలి అంచు దాకా లెక్కపెట్టాను. పొట్ట పలకను కలపకూడదు. వరుసలు 15 వచ్చాయి. వెన్ను మీది వరుసలో పొలుసులు పక్కవాటికంటే పెద్దవి, తేనెపట్టు గదుల్లా ఆరు భుజాలున్నవి. తోక తిప్పి చూస్తే అడుగున పలకలు రెండుగా చీలకుండా ఒకే వరుసలో ఉన్నాయి. జెర్రిపోతుకు అక్కడ జంటలుంటాయి. అది కట్లపాముదని చెప్పేసరికి పిన్ని సంపు వైపు వెళ్లడమే మానేసింది.

ఆ మూడు ఆనవాళ్లూ కలిపి చూడాలి, ఒక్కటి చాలదు. తోడేలు పాములకు నడుము దగ్గర 17 వరుసలు, వెన్ను పొలుసులు మామూలు పరిమాణంలోనే ఉంటాయి, తోక అడుగున జంటలు. చెట్లెక్కే కంచు వన్నె పాముకు 15 వరుసలూ ఉంటాయి, వెన్ను పొలుసులు కూడా కాస్త పెద్దవే, దాని తోక అడుగు జంటలు చూడనివారు ఆ కుబుసాన్నీ కట్లపాముదే అంటారు. నేను మొదట తోక అడుగే చూస్తాను, అక్కడ జంటలుంటే వరుసలు లెక్కపెట్టే శ్రమే పడను. ఒక మాట, కుబుసం సాగుతుంది, దాని పొడవును బట్టి పాము పొడవు చెప్పకండి.

ఇక చోటు. ఫొటో కింద "మా ఇంటి దగ్గర" అని రాసి పంపినవారికి నేను జవాబివ్వలేదు. హైదరాబాదులో మిగతా రెండు ఆనవాళ్లతో కలిపి చూస్తే 15 వరుసలన్నది కట్లపామును పట్టిస్తుంది కాని, అదే మాటను పశ్చిమ భారతానికి తీసుకుపోతే పనికిరాదు, అక్కడ సింధు కట్లపాము కూడా ఉంటుంది, దానికి 17 వరుసలు. ఉత్తరాంధ్రకు వెళ్తే పసుపు, నలుపు వెడల్పు పట్టీల బంగారు పాము తగులుతుంది. విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన పుస్తకంలో దాని తెలుగు పేరును యథాతథంగా రాసుకున్నాడు. ఆ మాట నుంచే 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దొడాన్ ఈ కట్లపాముల గుంపుకంతటికీ బంగారస్ అనే ప్రజాతి పేరు పెట్టాడు. అందువల్ల మన నల్ల కట్లపాము ఒంటి మీద బంగారు వన్నె ఇసుమంత లేకపోయినా శాస్త్రనామంలో తెలుగు బంగారం మోస్తోంది. పట్టీల తోడేలు పాము శ్రీలంకలో సింహలేయస్ అనే వేరే ఉపజాతి. పేరు చెప్పే ముందు చోటు అడగడం నా చాదస్తం కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు పంపిన ఫొటో చూపి "ఇది పగడపు పామా, పాల పామా" (మొదటిది విషమున్నది, రెండోది విషం లేనిది) అని అడిగిన పాఠకురాలికి కూడా ఇక్కడే జవాబు చెబుతాను. ఎరుపు పసుపును తాకితే విషం, ఎరుపు నలుపును తాకితే భయం లేదని అక్కడి పిల్లలు పాటలా నేర్చుకుంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో అది చాలావరకు నడుస్తుంది, మధ్య, దక్షిణ అమెరికాలకు వెళ్తే ఎరుపును నలుపు తాకే పగడపు పాములే ఎన్నో ఉన్నాయి. పాల పాము కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. న్యూజెర్సీలో అది బూడిద ఒంటి మీద గోధుమ మచ్చలతో, మెడ మీద వై ఆకారపు గుర్తుతో ఉంటుంది. టెక్సస్‌లో ఎరుపు, నలుపు, లేత పసుపు ఉంగరాలతో ఉంటుంది. ఇలాంటి తేడాలను, దొరికే చోట్లను బట్టి ఒకప్పుడు పాతిక దాకా ఉపజాతుల పేర్లు పెట్టారు. 2014లో జన్యువులను పరిశీలించి వాటిని ఏడు వేర్వేరు జాతులుగా విడదీశారు. పచ్చి నిజం చెప్పాలంటే, ఊరు పేరు లేని పాల పాము ఫొటోకు నేను ఏ పేరూ చెప్పను.

అభ్యాసానికి ముందు ఒక హెచ్చరిక. ఈ లెక్కలన్నీ కుబుసం మీద, దూరం నుంచి తీసిన ఫొటో మీద మాత్రమే. చచ్చిన పాము తల కూడా కాటేయగలదు. పామును పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఎవరినైనా పాము కరిస్తే పేరు తేల్చే పని పెట్టుకోవద్దు, కట్లపాము కాటు నొప్పి లేకుండా జరగవచ్చు, పిల్ల కాటు మరీ చిన్నదిగా ఉంటుంది. మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసినదే, కాబట్టి డాక్టరుకు పాము తెచ్చి చూపించాల్సిన అవసరం లేదు.

అభ్యాసం. ఒక కుబుసం సంపాదించండి, ఏ పాముదైనా పర్వాలేదు. మెడ దగ్గర తల వెనక రెండంగుళాల కింద ఒకసారి, నడుము దగ్గర ఒకసారి, మలద్వారానికి రెండంగుళాల పైన ఒకసారి వరుసలు లెక్కపెట్టండి. ప్రతి చోటా మూడుసార్లు లెక్కపెట్టి, మూడు అంకెలూ రాయండి, సరిపోకపోయినా దిద్దకుండా పంపండి. తోక అడుగు ఫొటో, దొరికిన ఊరు, కాలనీ, నెల, నేల మీదా గోడ మీదా అన్నది రాయండి. కుబుసం దొరకనివారు మీ వీధిలో కనిపించిన బల్లుల్ని పది రోజుల పాటు రాత్రి తొమ్మిదికి లెక్కపెట్టి రాసుకోండి, ఆరో పాఠంలో తోడేలు పాము ఏ గోడ ఎందుకు ఎక్కుతుందో ఆ అంకెలతో చూద్దాం. నీటి పాములు ఏడో పాఠానికి.