చారిత్రక కథ రాద్దాం – 4వ పాఠం: తోలు, నీళ్ళు, ఆముదం

పోయిన పాఠానికల్లా ఇల్లు, ఊరు, ఏడాది తేల్చుకున్నాం. మన నమూనా కథలో ధర్మవరం చుట్టుపక్కల పల్లెలు తిరిగే ఒక తోలుబొమ్మలాట కుటుంబం ఉంది. అత్త, కోడలు, ఒక ద్రౌపది బొమ్మ. ఏడాది ధాత, అంటే 1876–77. సీమలో ఇప్పటికీ పెద్దవాళ్ళ నోట వినిపించే ధాత కరువు అదే.

ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఒక్కటే: కరువును పనిలోంచి చూపించడం. కరువు ఎంత భయంకరమో చెప్పే పేరాలు ఎన్ని రాసినా పాఠకుడికి ఆకలి తెలియదు. తోలు నానబెట్టడానికి నీళ్ళు లేవని రాయండి, తెలుస్తుంది.

అందుకు ముందు పని మీకు క్షుణ్ణంగా రావాలి. బొమ్మకు వాడేది పచ్చితోలు. చాలా కథల్లో "పదును చేసిన తోలు" అని రాసేస్తుంటారు. అది తప్పు. తంగేడు చెక్కతో పదును చేస్తే తోలు ముదురు రంగు తిరిగి మందమవుతుంది, దీపం వెలుతురు అందులోంచి రాదు. చెప్పులకు ఆ తోలు పనికొస్తుంది, తెరకు పనికిరాదు. మేకతోలును నీళ్ళలో నానేసి, వెంట్రుకలు గీకి, తిప్పి లోపలివైపు కండ, కొవ్వు పూర్తిగా తీసి, నాలుగువైపులా బిగలాగి ఆరబెడతారు. ఆరాక అవతలి దీపం కనబడేంత పలుచన కావాలి. గీకే కత్తి మరీ పదునైతే తోలు తెగుతుంది, మొద్దుబారితే కొవ్వు మిగులుతుంది. కొవ్వు మిగిలినచోట రంగు పట్టదు, మబ్బులా మచ్చ తేలుతుంది, పురుగు కూడా చేరుతుంది. మండుటెండలో గబగబా ఆరితే అంచులు ముడుచుకుపోతాయి.

ఆ తర్వాత గీత, ఉలితో తూట్లు, రెండువైపులా రంగు. నగలన్నీ తూట్లే. హారంలో ముత్యాలుగా మెరిసేవి తోలుకు కొట్టిన రంధ్రాలు. రెండు తూట్లు మరీ దగ్గరపడితే మధ్య సన్నటి తోలు చిట్లి, రెండు ముత్యాలు కలిసి ఒక చిల్లవుతుంది. నిలువెత్తు బొమ్మకు ఒక్క మేకతోలు చాలదు. తల, మొండెం, చేతులు విడివిడిగా చేసి, ఆడేచోట దారంతో ముడివేసి, నడిమికి చీల్చిన వెదురుబద్ద బిగిస్తారు. ఉమ్మడి అనంతపురం జిల్లా నిమ్మలకుంటలో ఈ పని ఇప్పటికీ జరుగుతోంది; ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వీలైతే వెళ్ళి ఒక పూట కూర్చోండి. తడితోలు వాసన పుస్తకాల్లో దొరకదు.

ఇప్పుడు పనిలో ఒక్క మెట్టు తీసుకుని, ఆ ఏటి కొరత ఒక్కటి దానికి తగిలించండి. ముందు పనికిరాని రకం చూడండి:

"తరతరాల ఈ కళను నేను బతికిస్తాను అత్తా!" అంది కోడలు కన్నీళ్ళతో.

ఏ ఇంట్లోనూ ఎవరూ ఇలా మాట్లాడరు. ఇది రచయిత తన ఉద్దేశాన్ని ఆమె నోట్లో పెట్టడం. ఇదే ఇలా ఉంటే:

అత్త తోలెత్తి పొద్దుకు పట్టింది. "మెడకాడ మబ్బుండాది సూడుమ్మీ. కొవ్వు పోలేదు. అట్లే రంగేస్తే దీపం ముందర ద్రౌపది మెడకు మచ్చ పడతాది."
"మల్లా నానేద్దామా అత్తా?"
"నీళ్ళు యాడుండాయి? తడిగుడ్డ పరుసు, అంతమటుకే మెత్తబడనీ. ఆ కత్తి ఇట్ల తే. నువ్వు గీకు, నేను పట్టుకుంటా."

చివరి వాక్యంలో కత్తి చెయ్యి మారింది. వారసత్వం అంటే మన కథకు అంతే చాలు. బొమ్మల పెట్టె కొడుకులు పంచుకోనివ్వండి. ఈ ఆటలో ఆడపాత్రల గొంతు ఆడవాళ్ళదే కాబట్టి ద్రౌపది పద్యం అత్త నుంచి కోడలికి వస్తుంది, దానికి వాటాదారు లేడు. ఇంకొకటి కూడా మన చేతికి అందివచ్చింది: వానల కోసం విరాటపర్వం ఆడించడం మన పల్లెల ఆనవాయితీ. వాన లేని ఏట ఆ కుటుంబాన్ని పిలిచే ఊరు ఉంటుంది, పిలిచిన ఊళ్ళో తెర వెనక దీపాలకు ఆముదం ఉండదు. రెండో సన్నివేశం అదే.

కాలం దగ్గర పట్టుబడే తప్పులు కొన్ని ఉన్నాయి. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. మన కథనాటికి ధర్మవరం బళ్ళారి జిల్లాలో ఉంది. రాయలసీమ అన్న పేరు 1928 నాటిది, మీ పాత్రలు దాన్ని పలకకూడదు. చేలో వేరుశనగ పెట్టకండి. కొర్ర, సజ్జ, జొన్న, ఉలవ రాయండి. ఇప్పటి మేళంలో హార్మోనియం ఉంటుంది గానీ 1877లో ఆ ఇంటికి అది చేరదు. మద్దెల, తాళాలు, గజ్జెలు చాలు. పెట్రోమాక్సు అసలే వద్దు. రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. కరువు పనుల దగ్గర 1877లో కరువు పర్యవేక్షణకు వచ్చిన బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ పెట్టించిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవాళ్ళకు అంతకన్నా తక్కువ. కోడలు మట్టి మోసే సన్నివేశం రాస్తే ఈ లెక్క ఆమె ఒడిలో కనబడాలి, కథకుడి నోట కాదు.

ఈ వివరాలన్నీ ఒక్క సన్నివేశంలో కుక్కితే కథ జాబితా అవుతుంది. పేజీకి రెండు చాలు, మిగతావి మీ దగ్గరే ఉండనివ్వండి. తెలిసి దాచుకున్న రచయిత తప్పు చేయడు.

అభ్యాసం: 250 మాటల్లో ఒక సన్నివేశం రాయండి. ఇద్దరు ఆడవాళ్ళు, పనిలో ఒక మెట్టు, ఒక కొరత. కళ, సంప్రదాయం, వారసత్వం అన్న మూడు మాటలూ నిషేధం. రాశాక సంభాషణ మాత్రం పైకి చదవండి. అత్త మాట ఏదో కోడలి మాట ఏదో పేరు లేకుండా తెలియాలి. తెలియకపోతే ఇద్దరిలో ఒకరికి మాటలు తగ్గించి పని పెంచండి. తూట్లు కొట్టే మెట్టు ఎంచుకున్నవాళ్ళు ఉలి దెబ్బల మధ్య ఎంత విరామం ఉంటుందో గమనించి వాక్యాలు ఆ కొలతలో కోయండి. అయిదో పాఠంలో ఆముదం లేని రాత్రి విరాటపర్వం ఎలా ఆడతారో రాద్దాం. దానికి మీ ద్రౌపది బొమ్మ ఈ పాఠంలోనే పూర్తయి ఉండాలి.